మంచినీళ్ల బావికి దరఖాస్తు

మగ్గంపేటలో ఒకప్పుడు రెండు బావులుండేవి. ఒకటి ఉప్పునీళ్ల బావి, రెండోది మంచినీళ్ల బావి. ఉప్పునీళ్ల బావిని పూడ్చి దాని మీద బస్టాండు కట్టారు. మంచినీళ్ల బావి మాత్రం ఈనాటికీ ఉంది, దాని పేరూ ఉంది. లేనిదల్లా ఆ పేరులో చెప్పిన మంచి ఒక్కటే.

ఆ మంచి ఎటు పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. పదేళ్ల కింద బావికి యాభై అడుగుల దూరంలో సురేందర్ నూలుకు రంగులద్దే షెడ్డు పెట్టాడు. షెడ్డు వెనక గుంత తవ్వి, మిగిలిన రంగునీళ్లన్నీ దాంట్లోకి వదిలాడు. భూమి లోపల ఆ నీళ్లు ఎవరినీ దారి అడగకుండా బావిలోకి చేరుకున్నాయి. అప్పటి నుంచి బావి రోజుకో రంగు కట్టడం మొదలుపెట్టింది. సోమవారం ఎరుపు, బుధవారం చిలకపచ్చ, పండుగల ముందు నేరేడు రంగు. వచ్చే నెల బజార్లోకి ఏ రంగు చీరలు రాబోతున్నాయో వాడకట్టు ఆడవాళ్లు చేద పైకి లాగి చెప్పేవారు. సిరిసిల్ల వ్యాపారులకు కూడా అంత ముందుగా తెలిసేది కాదు.

రంగులు చూసి జనం భయపడితే, సురేందర్ వాళ్లను అలా వదిలేసే మనిషి కాదు. షెడ్డు పక్కనే ఫిల్టర్ నీళ్ల ప్లాంటు పెట్టాడు. మున్సిపాలిటీ నల్లా నీళ్లు ఆ వాడ చివరి దాకా ఎక్కవు కాబట్టి, బావిని పాడుచేసినవాడి దగ్గరే వాడలో కొనగలిగినవాళ్లంతా డబ్బాలు కొనుక్కుని తాగుతున్నారు. ఒక్క మల్లవ్వ తప్ప.

మల్లవ్వకు అరవై ఏడేళ్లు. నలభై ఏళ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు. ఆ బావి తవ్వినవాళ్లలో ఆమె మామ ఒకడు. అందుకని ఆ బావి మీద ఆమెకు ఇంటి మనిషి మీద ఉన్నంత అభిమానం.

"బాయిని కరాబు జేసినోని దగ్గరనే నీళ్లు కొనుక్కొని తాగాల్నా? నేను తాగ. మా మామ తవ్విన బాయి ఉండంగ నాకు డబ్బా ఎందుకు?" అనేది.

ఆమె కొడుకు రాజేశం ఆ ఊరి మున్సిపల్ ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు. ఇరవై ఏళ్ల నౌకరీ. ఊరు గ్రామపంచాయతీగా ఉన్నప్పుడు చేరాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసినప్పుడు బల్ల మారింది, కుర్చీ మారలేదు. పైవాళ్లు నోటితో ఒకటి చెప్పి కంటితో ఇంకోటి చెబితే, కంటితో చెప్పిందే చేయడం ఆఫీసులో అతనికి బాగా అలవాటైన పని. అవ్వ సంగతిలో మాత్రం ఏ తెలివీ పనిచేయలేదు. తల్లిని అతను అవ్వా అనే పిలుస్తాడు, ఆ వైపు అందరిలాగే.

పోయినేడు మల్లవ్వకు కాళ్లు ఉబ్బాయి. రాజేశం జగిత్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు.

"ఏం నీళ్లు తాగుతవమ్మా?" అన్నాడు డాక్టరు.

"మంచినీళ్లే సార్," అంది మల్లవ్వ.

డాక్టరు సంతోషించి, అయితే నీళ్ల దోషం కాదని రాసుకుని, మందులిచ్చి పంపాడు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆయన తప్పు వినలేదు. ఆ ఒక్క మాట మీద ఎనిమిది నెలలు గడిచిపోయాయి. రెండోసారి పోయినప్పుడు మొహం కూడా ఉబ్బి ఉంది. అప్పుడు రాజేశానికి తట్టింది.

"సార్, మంచినీళ్లంటే మంచినీళ్లు కాదు సార్. మా బాయి పేరు గది."

డాక్టరు కలం కింద పెట్టాడు. రిపోర్టులు మళ్లీ మొదటి నుంచి చూశాడు. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయని, ఇంకో ఆరునెలలు ఆ నీళ్లే తాగితే డయాలసిస్ తప్పదని చెప్పాడు. బస్సులో వస్తున్నంతసేపూ రాజేశం తల్లి చెయ్యి వదల్లేదు. భార్యకు కూడా చెప్పుకోలేనంత భయం పట్టుకుంది అతనికి. మల్లవ్వ మాత్రం కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది.

ఆ వారమే అతను కోరుట్ల పోయి, సురేందర్‌ది కాని డబ్బా ఒకటి స్కూటర్ మీద మోసుకొచ్చాడు. మల్లవ్వ దాన్ని మూలకు పెట్టి పైన పళ్లెం మూసింది.

"బాయి బాగుజెయ్యుండ్రి, మిషిని వెట్టుండ్రి, ఏమన్న జేయుండ్రి. గా బాయి నీళ్లయితే తాగుత. లేకుంటే గిట్లనే తాగుత. ఇగ నన్ను సతాయించకు," అంది.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకు సర్క్యులర్ వచ్చింది. నిర్మల జలనిధి అనే పథకం కింద, కలుషితమైన బావులను శుద్ధి చేసుకోవడానికి పట్టణాలకు గ్రాంటు ఇస్తారట. దరఖాస్తుకు పదిహేను రోజులు గడువు. రాజేశం ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారి చదివేటప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి. సర్కారు తన తల్లి పేరు మీదే సర్క్యులర్ తీసిందనిపించింది.

దరఖాస్తు రాయడంలో అతనికి మంచి పేరుంది. ఊళ్లో పింఛను రావాలన్నా, కరెంటు స్తంభం జరపాలన్నా అతని చేతి రాతే. ఈసారి ఉన్న విద్యంతా బయటికి తీశాడు. "అనాదిగా ప్రజల దాహార్తిని తీర్చుచు, పేరుకు తగినట్లుగా విరాజిల్లిన మా మంచినీళ్ల బావి" అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం పేజీన్నర నడిచింది. బావి చరిత్ర, తవ్వినవారి త్యాగం, దాని నీళ్ల రుచి, అన్నీ వచ్చాయి. కలుషితమైందన్న ముక్క నాలుగో పేజీ చివర, సంతకానికి ఆనుకుని వచ్చింది. కమిషనర్ సార్ మొదటి పేజీ చూసి శభాష్ అని, చివరి పేజీలో సంతకం పెట్టాడు. మధ్య పేజీల జోలికి ఆయన ఎప్పుడూ పోడు.

దరఖాస్తుకు నీటి పరీక్ష రిపోర్టు జతచేయాలి. టెండరు పట్టిన ప్రైవేటు ల్యాబు నుంచి కుమార్ అనే కుర్రాడు శాంపిల్ తీసుకోవడానికి వచ్చాడు. ఆ రోజు ఎండ మండిపోతోంది. రాజేశం అతన్ని వాడకట్టు మొదట్లో దించి బావి చూపించాడు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను వస్తే వెనక్కి పోయాడు.

పన్నెండో రోజు రిపోర్టు వచ్చింది. రంగు లేదు. వాసన లేదు. లవణాలు తగినంత. "అన్ని విధాలా త్రాగుటకు యోగ్యము." రాజేశం నోరెళ్లబెట్టాడు. ఆ పొద్దున కూడా బావిలో నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరుగెత్తాడు. మల్లవ్వ వాకిట్లో చేట ముందర పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"అవ్వా, మొన్న ఒక పిలగాడు సీస వట్టుకొని వచ్చిండా?"

"అచ్చిండు. పాపం, ఎండకు మొఖమంత వాడిపోయింది. బాయి మెట్లు జూసి ఎనుకకు తిరిగిండు. 'పెద్దవ్వా, గీ సీసల మంచినీళ్లు వొయ్యి' అన్నడు. వోసిన."

"ఏ నీళ్లు వోసినవ్?"

"గదేం మాట? ఇంటికచ్చినోనికి రంగునీళ్లు వోస్తనా? నువ్వు కోరుట్లకెళ్లి తెచ్చిన డబ్బల నీళ్లు వోసిన. సీస సుత సక్కగ కడిగి ఇచ్చిన."

"గా డబ్బా నీకోసం తెచ్చిన అవ్వా!"

"నాకు బాయి ఉన్నది కద. డబ్బా అచ్చేటోళ్లకు."

రాజేశం అవ్వను ఏమనగలడు? అతిథికి మంచినీళ్లు అడిగితే మంచినీళ్లే ఇచ్చింది. ల్యాబు కుర్రాడు మంచినీళ్ల బావి దగ్గర మంచినీళ్లు తీసుకుపోయాడు. ఎవరి నోట్లోనూ అబద్ధం లేదు. కానీ తల్లి ప్రాణం ఆ సీసాలో పోయినట్టయింది అతనికి.

రిపోర్టును అతను జతచేయకుండా దాచేవాడే. కానీ ల్యాబువాళ్లు ఒక కాపీ నేరుగా రాజధానికి పంపేశారు, గడువు ముగుస్తుండడంతో దరఖాస్తు కూడా పంపక తప్పలేదు. వారంలోపే జవాబు వచ్చింది. "తమరి బావి పేరు, చరిత్ర, పరీక్షా ఫలితాలు పరిశీలించి మిక్కిలి సంతోషించితిమి. తమరు దరఖాస్తును పొరపాటున గ్రాంటు విభాగమునందు దాఖలు చేసినట్లు గుర్తించి, మేమే సవరించి అవార్డు విభాగమునకు మార్చితిమి. మంచినీళ్ల బావి ఈ సంవత్సరపు ఆదర్శ జలవనరుగా ఎంపికైనదని తెలుపుటకు హర్షించుచున్నాము."

రాజేశం ఆ ఉత్తరం పట్టుకుని కమిషనర్ గదిలోకి పోయాడు.

"సార్, గిది తప్పు సార్. శాంపిల్ బాయిది కాదు. డబ్బాల నీళ్లు. మళ్ల శాంపిల్ తీపిద్దాం సార్. మనకు గ్రాంటు రావాలె."

కమిషనర్ అప్పటికే అవార్డు సంగతి పత్రికల వాళ్లకు ఫోన్లో చెప్పేశాడు. కుర్చీ వెనక్కి వాల్చి, దగ్గరి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"రాజేశం, గ్రాంటు వస్తే పని జెయ్యాలె. పని జేస్తే ఆడిట్ అస్తది. అవార్డుకు ఆడిట్ ఉండదు. నువ్వు ఇరవై ఏండ్ల సర్వీసోనివి, గంత తెల్వదా?"

"మా అవ్వ గా నీళ్లే తాగుతది సార్."

"సరే, శాంపిల్ తప్పని రాద్దాం. సీసల నీళ్లు వోసిందెవరు? మీ అవ్వ. ఏ ఇంట్ల? మీ ఇంట్ల. సర్కారును మోసం జేసిందని మీ అవ్వ మీద కేసు వెడుదమా?"

రాజేశం తల వంచుకుని బయటికి వచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. తిరిగి గట్టిగా అనగలిగిన మాటలన్నీ మెట్లు దిగుతుంటే గుర్తొచ్చాయి.

పది రోజుల్లో బావి దగ్గర బోర్డు లేచింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు: "ఆదర్శ జలవనరు. మంచినీళ్ల బావి. ప్రభుత్వ ధ్రువీకృతం." మల్లవ్వకు చదువు రాదు. పక్కింటి సంగీతతో రెండుసార్లు చదివించుకుంది. ఆ రోజు రెండు గ్లాసులు ఎక్కువే తాగింది.

"సర్కారే మంచిగున్నయని రాసి పెట్టింది. నువ్వూ నీ డాక్టరూ!" అంది కొడుకుతో.

అవార్డు సభ బావి పక్కనే పెట్టారు. టెంటు, కుర్చీలు, వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, అన్నీ సురేందర్ ఖర్చు. బల్ల మీద నీళ్ల సీసాలు కూడా సురేందర్ ప్లాంటువే. రాజధాని నుంచి జలనిధి పథకం డైరెక్టర్ సంధ్యారాణి మేడం వచ్చింది. మేడం వస్తున్నదని సురేందర్ రెండు రోజుల ముందే షెడ్డు బంద్ పెట్టాడు. కానీ ఆ సంగతి బావికి ఎవరూ చెప్పలేదు. నీళ్లు నేరేడు రంగులో నిగనిగలాడుతున్నాయి.

బావి తవ్వినవారి కుటుంబం నుంచి పెద్దమనిషిగా మల్లవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టారు. తెల్లటి శాలువా కప్పి సన్మానం చేశారు. ఆమె శాలువా అంచు వేళ్లతో నలిపి, ఏ నూలో చూసుకుంది. రాజేశం వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. తల్లి ఉబ్బిన పాదాలు చెప్పుల్లో పట్టకపోవడం అక్కడి నుంచి కూడా కనబడుతోంది.

మేడం ప్రసంగం అయ్యాక, ఆదర్శ బావి నీళ్లు ఒక గ్లాసు తాగి చూపించాలని కార్యక్రమంలో ఉంది. కమిషనర్ రాజేశాన్ని పిలిచి చెవిలో అన్నాడు.

"మేడంకు మంచినీళ్లు తీస్కరా." అంటూనే కంటితో బల్ల కింది సీసా చూపించాడు.

ఇరవై ఏళ్లుగా కంటితో చెప్పినవే చేస్తూ వచ్చినవాడు, ఆ ఒక్కసారి నోటితో చెప్పిందే విన్నాడు. గాజు గ్లాసు తీసుకుని, అందరి ముందు నుంచి నడిచి, బావి మెట్లు దిగి, మంచినీళ్లే ముంచుకొచ్చాడు. మేడం ముందు పెట్టాడు. తెల్లగుడ్డ మీద ఆ గ్లాసు ద్రాక్షరసంలా మెరిసింది.

మేడం గ్లాసు వైపు చూసి, నాకివాళ ఉపవాసం, నీళ్లు కూడా ముట్టనంది. ఆమె ముందు రెండు ఖాళీ సీసాలున్నాయి. గ్లాసును కమిషనర్ వైపు జరిపింది. కమిషనర్ గొంతు పట్టుకుని, డాక్టరు చల్లనివి వద్దన్నాడని దగ్గి చూపించి, సురేందర్ వైపు జరిపాడు. సురేందర్ లేచి నిలబడి మైకు అందుకున్నాడు.

"పెద్దలుండంగ నేను ముందుగాల తాగుడు బాగుండదు. గీ బాయి తవ్వినోళ్ల ఇంటి పెద్దమనిషి మల్లవ్వ ఉన్నది. తొలి గిలాస ఆమెకే దక్కాలె!"

చప్పట్లు మార్మోగాయి. "అవ్వా, తాగకు!" అని రాజేశం అరిచాడు. చప్పట్లలో అది వినబడలేదు. మల్లవ్వ మెల్లగా వేదిక ఎక్కి గ్లాసు అందుకుంది. నోటి దాకా తీసుకుపోయి ఆగింది. ముగ్గురి మొహాలూ చూసింది. ముగ్గురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"మీరు తాగరా?" అంది.

"మీకే గౌరవం పెద్దమ్మా," అంది మేడం.

మల్లవ్వ గ్లాసు కిందికి దించి, తన మీద కప్పిన తెల్ల శాలువా అంచు పట్టుకుని దాంట్లో ముంచింది. నూలుకు రంగు పట్టిందో లేదో నేతపనివాళ్లు ఎలా చూస్తారో అలాగే చూసింది. పైకి తీసి పిండింది. పిండిన అంచును బల్ల మీది తెల్లగుడ్డకేసి గట్టిగా రుద్దింది. గుడ్డ మీద మరక పడలేదు. రంగంతా అంచుకే పట్టుకుని ఉంది.

"నలభై ఏండ్లు నూలు సుట్టిన. నాకు రంగు తెల్వదా?" అంది. మైకు ఇంకా సురేందర్ చేతిలోనే ఉండడంతో ఊరంతా విన్నది. "గట్టి రంగే సురేందరూ. రుద్దినా పోతలేదు. బట్టకే గింత గట్టిగ పట్టుకున్నది, నా కడుపుల ఎంత పట్టుకున్నదో! మీరు ముట్టని నీళ్లు నేనెందుకు తాగాలె?"

గ్లాసు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, ఎవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టింది. మర్నాడు పత్రికలో "మంచినీళ్ల బావికి పురస్కారం" అని ఫోటో వచ్చింది. అందులో మేడం, కమిషనర్, సురేందర్ నవ్వుతున్నారు. గ్లాసున్న వైపు కత్తిరించేశారు.

సభ రోజు సాయంత్రం రాజేశం ఇంటికి పోయేసరికి మల్లవ్వ మూలనున్న డబ్బా ముందు కూర్చుని ఉంది.

"కొడుకా, గా డబ్బల నీళ్లు ఇంత వొయ్యి," అంది.

రాజేశం గ్లాసు నింపి ఇచ్చాడు. ఆమె తాగి మొహం చిట్లించింది. "సప్పగున్నయి," అంది. ఆ వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మామ తవ్విన బాయి రా. నా నోటితోని నేనే ఇడిసిపెట్టిన."

రాజేశం కూడా ఏడ్చాడు. తల్లి డబ్బా నీళ్లు తాగినందుకు సంతోషం, ఆమె అలా తాగాల్సి వచ్చినందుకు సిగ్గు, రెండూ కలిసి వచ్చాయి.

కొంతసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. "నేనంటే డబ్బా తాగుత. కొననీకి లేనోళ్లు ఇంకా గా బాయికే పోతున్నరు. ఇంకో దరఖాస్తు రాయి."

"గా పేరు రాస్తే మళ్ల అవార్డే ఇస్తరవ్వా."

"అయితే పేరు తీసెయ్."

"తీసేసి ఏమని రాయాలె?"

ఆ పాత పేరు మల్లవ్వ కాపురానికి వచ్చిన నాటికే ఉంది.

"కరాబు నీళ్ల బాయి అని రాయి. మామ ఏమన్న అనుకోని," అంది.

ఈసారి రాజేశం చరిత్ర రాయలేదు, విరాజిల్లుచు అనలేదు. "మా కరాబు నీళ్ల బావిలో నీళ్లు తాగి జనం రోగాల పాలవుతున్నారు. బాగుచేయండి." అంతే. కమిషనర్‌కు చూపించకుండా, వాడకట్టు తరఫున తన పేరు మీదే పంపాడు. ఏ మెమో వస్తుందోనన్న భయం ఉన్నా పంపాడు. శాలువా అంచును మల్లవ్వ కత్తెరతో జానెడు కత్తిరించి ఇస్తే, దాన్నీ కాగితానికి పిన్ను కొట్టాడు.

నెలకు జవాబు వచ్చింది. మల్లవ్వ వాకిట్లో కూర్చుని ఉంటే అతను నిలబడి చదివి వినిపించాడు.

"తమరు పంపిన వస్త్రపు ముక్క నిర్ణీత సీసాయందు లేనందున నమూనాగా పరిగణించుటకు వీలుకాదు. అంతేగాక రికార్డులు క్షుణ్ణముగా పరిశీలించగా, మగ్గంపేట పట్టణములో కరాబు నీళ్ల బావి అను బావి ఏదియు లేదని తేలినది. కావున దరఖాస్తును ముగించడమైనది."

"లేదట్నా?" అంది మల్లవ్వ.

"లేదట అవ్వా."

ఆమె సందు చివర ఎండలో మెరుస్తున్న నీలం బోర్డు వైపు చూసింది. వంగి ఉబ్బిన పాదాన్ని వేలితో నొక్కింది. సొట్ట పడింది, ఎంతకీ పైకి లేవలేదు.

"మరి నా ఒంట్ల ఉన్నయి ఏ బాయి నీళ్లురా?" అంది.